మే నెల రాత్రి మీ ఇల్లు ఎంత బొగ్గు కాలుస్తుంది? లెక్క తీసి తగ్గించుకోవడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో రోళ్ల సంగతేమో గానీ, పై అంతస్తులో ఉన్నవాళ్ల తల పగిలిపోతుంది. ఆ రోజుల్లో రాత్రి పదింటికి ఏ అపార్ట్‌మెంటు వెనక్కి వెళ్లి నిలబడినా ఏసీల హోరు తప్ప ఇంకేమీ వినపడదు. నేను ఇక్కడ చెప్పబోయేదంతా ఆ రాత్రి గురించే.

కరెంటు బిల్లు తగ్గించుకునే చిట్కాలు బోలెడు దొరుకుతాయి. అవన్నీ రూపాయల లెక్క. ఇక్కడ లెక్క కిలోల్లో వేస్తాం. ఎన్ని కిలోల బొగ్గు, అది ఏ వేళ కాలింది, ఏ ఊరి నేల తవ్వితే వచ్చింది అన్నది చూస్తాం. వేళ ఎందుకంటే, మధ్యాహ్నం పన్నెండింటికి వాడిన యూనిట్టూ రాత్రి పదకొండింటికి వాడిన యూనిట్టూ బిల్లులో ఒకటే గానీ గనిలో ఒకటి కావు. ఎందుకు కావో ముందుకెళ్తే తెలుస్తుంది.

కావలసినవి: పోయిన పన్నెండు నెలల బిల్లులు, ఒక నోటు పుస్తకం, సెకన్లు చూపించే ఫోను, ఒక ఆదివారం రాత్రి. బిల్లులు పారేసి ఉంటే సర్వీసు నంబరు చాలు, డిస్కం (మన ఇళ్లకి కరెంటు పంచే సంస్థ) వెబ్‌సైటులో పాత నెలల యూనిట్లు చూసుకోవచ్చు.

మొదటి పని: యూనిట్లను కిలోలుగా మార్చండి

మన దేశంలో థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. మీ ఇంటికి చేరేలోపు తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది. అందుకని గుర్తుంచుకోవడానికి వీలుగా యూనిట్‌కి 0.7 కిలో అని పెట్టుకోండి. ఇది ఇంటి లెక్క, శాస్త్రవేత్తలకి చూపించడానికి కాదు.

నోటు పుస్తకంలో నెలకో గీత గీసి యూనిట్లు రాసి, పక్కన 0.7తో గుణించండి. 300 యూనిట్ల నెల అంటే 210 కిలోలు. రెండు క్వింటాళ్లు! ధాన్యం బస్తాల లెక్కలో ఆలోచిస్తే గుమ్మం ముందు మూడు బస్తాలు దించినట్టు.

అన్నీ బొగ్గు యూనిట్లే కావు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. నీరు, గాలి, సోలార్, అణు విద్యుత్ కూడా ఉన్నాయి. అయినా దేశం మొత్తం మీద పుట్టే కరెంటులో నూటికి డెబ్భై పైచిలుకు బొగ్గుదే. కాబట్టి సంవత్సరం మొత్తం లెక్క వేసేటప్పుడు వచ్చిన కిలోల్లో నాలుగో వంతు తీసేయండి. మే నెల రాత్రుల లెక్కలో మాత్రం తీసేయొద్దు.

ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో శ్రీశైలం, సాగర్ డ్యాముల్లో నీళ్లు అడుగంటి ఉంటాయి. అనంతపురం, కర్నూలు వైపు గాలిమరలు గట్టిగా తిరిగేది నైరుతి వచ్చాకే. సోలార్ సాయంత్రం ఆరింటికి దుకాణం కట్టేస్తుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా ఏసీలు వేస్తారు. ఆ లోటు పూడ్చేది ఎక్కువగా బొగ్గే. ఏడాదిలో మనం వాడే కరెంటులో అన్నిటికన్నా నల్లటిది మే నెల రాత్రి వాడేదే.

రెండో పని: ఆ బొగ్గు ఏ ఊరిదో తెలుసుకోండి

ఇది చేతులతో చేసే పని కాదు. కానీ దీన్ని దాటేస్తే మిగతా పనులు రెండు వారాల్లో ఆగిపోతాయి. నా అనుభవం అది.

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం ఘాట్‌కి ఎప్పుడైనా సాయంత్రం వెళ్తే, ఒక్కసారి వెనక్కి తిరగండి. పొగగొట్టాలు కనిపిస్తాయి. అధికారికంగా డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. మన నోట్లో ఇప్పటికీ వీటీపీఎస్సే. 1979లో మొదటి యూనిట్, అంటే కరెంటు పుట్టించే యంత్రం, మొదలైంది. 210 మెగావాట్లవి ఆరు, తర్వాత 500ది ఒకటి, 2023లో 800ది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. అన్నీ నిండుగా నడిస్తే ఒక్క రోజులో ఆరు కోట్ల పైచిలుకు యూనిట్లు. మన 0.7లో తీగల నష్టం తీసేసి 0.65 వేసుకున్నా రోజుకి దాదాపు 40 వేల టన్నుల బొగ్గు. ఒక గూడ్సు రేకు, అంటే ఒక పూర్తి బండి, నాలుగు వేల టన్నులు మోస్తుందనుకుంటే రోజుకి పది రేకులు. కొండపల్లి గేటు దగ్గర ఆగి గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టిన పిల్లలకి ఇది కొత్త కాదు.

ఈ బొగ్గు ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి ఒడిశాలో అంగుల్ జిల్లా తాల్చేరు గనులు, అవి మహానది కోల్‌ఫీల్డ్స్‌వి. రెండోది సింగరేణి.

మన రాష్ట్రంలో ఇప్పుడు తవ్వుతున్న పెద్ద బొగ్గుగని లేదు. 2014 విభజనతో సింగరేణి గనులన్నీ తెలంగాణలో ఉండిపోయాయి. చింతలపూడి వైపు నేల కింద బొగ్గు ఉందని ఎప్పటి నుంచో తెలుసు, అక్కడ ఇంకా గొయ్యి పడలేదు. అంటే వెలుగు మనింట్లో, గొయ్యి పొరుగువాళ్ల ఊళ్లో.

బొగ్గుగని అనగానే మన మనసులో వచ్చే బొమ్మ ఇంకా పాతదే: నెత్తి మీద దీపం పెట్టుకుని బావిలోకి దిగే కార్మికుడు. 1889లో ఇల్లెందులో సింగరేణి తవ్వకం మొదలైంది అలాగే. ఇప్పుడు బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్ కాస్టులది. బావి తవ్వరు, నేలనే తీసేస్తారు. బొగ్గు పొర మీద ఉన్నదాన్నంతా గని భాషలో ఓవర్ బర్డెన్ అంటారు, పొట్టిగా ఓబీ. పైనున్న బరువు అని అర్థం. ఆ బరువులో చేను, చెరువు, చింతచెట్టు, పోచమ్మ గుడి, తాతల సమాధులు అన్నీ ఉంటాయి.

సింగరేణి ఓపెన్ కాస్టుల్లో ఒక టన్ను బొగ్గు తీయడానికి సుమారు అయిదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ తవ్వి పక్కన పోయాలి. మన 210 కిలోల నెలకి లెక్క వేసి చూడండి, ఒక ఘనపు మీటరు పైనే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న దిమ్మ. బరువు రెండు టన్నులు దాటుతుంది. సత్తుపల్లి, మణుగూరు, గోదావరిఖని వైపు వెళ్తే కనిపించే బల్లపరుపు గుట్టలు ఇలాంటి దిమ్మలు పేర్చినవే. సత్తుపల్లి విజయవాడకి వంద కిలోమీటర్ల లోపే. అక్కడ గని ఊరి అంచున ఉంది. బ్లాస్టింగ్‌కి ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని జనం ఏళ్ల తరబడి ఆందోళన చేస్తూనే ఉన్నారు. గొయ్యి లోతుకి వెళ్లేకొద్దీ అందులోకి ఊరే నీటిని పంపులు పెట్టి తోడాలి. అలా తోడుతుంటే చుట్టుపక్కల బావుల్లో మట్టం పడిపోతుంది. బొగ్గు అయిపోయాక గొయ్యి మిగులుతుంది. తెలంగాణలో దీనికి ఒక మాట ఉంది, బొందలగడ్డ. ఊరు బొందలగడ్డ అయిందంటే ఇక అక్కడ బతుకు లేదని.

తాల్చేరు సంగతీ అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకి మార్కులు వేసినప్పుడు అంగుల్-తాల్చేరు తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేరింది.

ఒక మాట. గని కార్మికుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సింగరేణి జీతాలతో చదువుకున్న పిల్లలు మా వీధి హాస్టళ్లలో ఎంతమంది ఉండేవారో! గోదావరిఖని కుర్రాడొకడు వాళ్ల నాన్న షిఫ్టు దిగి ఫోన్ చేసేదాకా నిద్రపోయేవాడు కాదు. ఆ బొగ్గుతో బతికేవాళ్లూ ఉన్నారు, ఆ బొగ్గు వల్ల ఇల్లు వదిలేసినవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు ఇద్దరూ ఒకే మండలం వాళ్లు.

ఇక కాలాక మిగిలేది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, నూటికి ముప్ఫై నుంచి నలభై పైదాకా. 35 వేసుకుందాం. 200 బొగ్గు యూనిట్లకి 140 కిలోలు, అందులో బూడిద 49 కిలోలు. దాదాపు ఒక సిమెంటు బస్తా. కొంత సిమెంటులోకి, బూడిద ఇటుకల్లోకి వెళ్తుంది, మిగతాది బూడిద చెరువులోకి. ప్రతి 200 యూనిట్లకీ నోటు పుస్తకంలో ఒక బస్తా బొమ్మ గీయండి. మా చిన్నమ్మాయికి ఈ పని అప్పజెప్పాను. ఒక్క మే నెల గడిలో రెండు బస్తాలు గీసి, "మనింటికేనా నాన్నా?" అంది.

మూడో పని: మీ రాత్రిని విడదీయండి

బిల్లులో నెల మొత్తం ఒకే అంకె. పగలెంత, రాత్రెంత అన్నది మీరే తీయాలి. కష్టమేమీ లేదు. మూడు రోజులు సాయంత్రం ఆరింటికీ, మర్నాడు పొద్దున ఆరింటికీ మీటరు రీడింగు రాసుకోండి. డిజిటల్ మీటర్లలో అంకెలు మారుతూ ఉంటాయి, తేదీ, టైము, వోల్టేజి అన్నీ వస్తాయి. కె.డబ్ల్యు.హెచ్ అని పక్కన ఉన్నదే మనకి కావలసింది. ఫోటో తీసుకుంటే తప్పు దొర్లదు. మీటరు పెట్టె సీలు మాత్రం ముట్టుకోవద్దు, అద్దంలోంచి చూడటమే.

వేసవిలో ఏసీ ఉన్న ఇళ్లలో రోజు వాడకంలో సగం పైన రాత్రిదే ఉంటే ఆశ్చర్యపోకండి. ఆ రాత్రి అంకెని 0.7తో గుణించి పేజీ పైన పెద్దగా రాయండి. ఇకపై తగ్గించాల్సింది ముందు ఆ అంకెని.

నాలుగో పని: ఎర్ర దీపం లెక్క

మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. ఎన్ని మిణుకులకి ఒక యూనిట్ అవుతుందో మీటరు ముఖం మీదే అచ్చువేసి ఉంటుంది. చాలా ఇళ్లలో 3200, కొన్నిట్లో 1600, 6400 కూడా ఉంటాయి. మీది చూసుకోండి.

రాత్రి అందరూ పడుకునే ముందు లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, టీవీ అన్నీ ఆపండి. ఫ్రిజ్‌ని కూడా పది నిమిషాలు ఆపండి, పాలు విరిగిపోవు. ఇప్పుడు మీటరు దగ్గర నిలబడి ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి 3200తో (మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దానితో) భాగిస్తే గంటకి ఎన్ని యూనిట్లో వస్తుంది.

మా ఇంట్లో అన్నీ ఆపేశాక నిమిషానికి నాలుగు మిణుకులు వచ్చాయి. అంటే గంటకి 0.075 యూనిట్, 75 వాట్లు. ఒక ఫ్యాను తిరిగినంత. ఎవరూ ఏమీ వాడకపోయినా నెలకి 54 యూనిట్లు, 38 కిలోల బొగ్గు! నాకు టెన్షన్ పట్టుకుంది, ఎవరైనా మన లైను లాగుతున్నారేమో అనుకున్నాను. మెయిన్ బోర్డులో ఒక్కొక్క ఎంసీబీ స్విచ్చి దించుకుంటూ పోతే దొంగ ఇంట్లోనే దొరికాడు: పాత ఇన్వర్టరు. బ్యాటరీ పోయి, ఎంత ఛార్జ్ అయినా నిండక అలా తాగుతూనే ఉంది. మిగతాది సెట్‌టాప్ బాక్సు, వైఫై. సెట్‌టాప్ బాక్సుని రిమోట్‌తో ఆపితే టీవీ ఆగుతుంది గానీ అది ఆగదు. గోడ స్విచ్చి దగ్గరే ఆపాలి.

ఇదే లెక్కతో ఏ వస్తువునైనా పరీక్షించొచ్చు. ఏసీ ఒక్కటే వేసి నిమిషానికి 80 మిణుకులు వస్తే అది ఒకటిన్నర కిలోవాట్లు లాగుతున్నట్టు. అమ్మేటప్పుడు షాపువాళ్లు చెప్పింది కాదు, మీ గదిలో, మీ ఎండలో అది నిజంగా తాగేది తెలుస్తుంది.

అయిదో పని: ఏసీ కంటే ముందు శ్లాబుని చల్లబరచండి

అసలు పని ఇక్కడుంది. రాత్రి పదింటికి కూడా గది ఎందుకు మండుతోంది? బయట గాలి కాస్త చల్లబడినా, పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని రాత్రంతా లోపలికి వదులుతుంది. మీ ఏసీ గాలితో కాదు, కాంక్రీటుతో కుస్తీ పడుతోంది. పై అంతస్తువాళ్లకి, పడమటి గోడ ఉన్నవాళ్లకి ఇది మరీ ఎక్కువ.

అన్నిటికన్నా చవకైన మందు సున్నం. శివరాత్రి దాటాక, ఉగాదిలోపు వేయించండి. సున్నాన్ని ముందు రోజు నానబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, పట్టు కోసం ఫెవికాల్ లాంటి జిగురు కొంచెం కలిపి, డాబా కడిగి ఆరాక సాయంత్రం పూట రెండు పూతలు వేయాలి. కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే తమాషా కాదు. వానాకాలానికి చాలావరకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. ఆ ఓపిక లేకపోతే కూల్ రూఫ్ పెయింట్లు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ, కొన్నేళ్లు ఉంటాయి. అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్ మీటింగులో అడగాలి. "పైవాళ్లకే కదా లాభం, అందరి డబ్బులెందుకు" అని రెండో అంతస్తు బాబాయిగారు ఒకరు తప్పకుండా అంటారు. లిఫ్టు ఖర్చు కూడా అందరూ పంచుకుంటున్న సంగతి గుర్తుచేయండి.

మా తాతగారింట్లో వేసవి వస్తే వాకిట్లో తాటాకు పందిరి, కిటికీకి వట్టివేళ్ల తడిక. పడమటి కిటికీకి ఇప్పుడైనా పందిరి లాంటిదేదో ఒకటి బయటివైపు కట్టండి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అద్దం దాటి వచ్చేసినట్టే. ఎండని బయటే ఆపాలి.

ఇక ఏసీ. స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 2020 జనవరి నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నియమం పెట్టించింది. మనం రిమోట్ తీసి వెంటనే 20కి దించుతాం. అలా దించితే గది తొందరగా చల్లబడదు, ఎక్కువసేపు మోటారు ఆడుతుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని ఆ సంస్థే చెప్తుంది. 26 పెట్టి, ఫ్యాను రెండు మీద తిప్పుకోండి. రాత్రికి ఎనిమిది యూనిట్లు తాగే ఏసీ 22 నుంచి 26కి వెళ్తే దాదాపు రెండు యూనిట్లు తగ్గుతుంది. అంటే ఒక్క రాత్రికి 1.4 కిలోల బొగ్గు, నెలకి 40 కిలోల పైనే. తెల్లవారుజామున నాలుగింటికి ఆగేలా టైమర్ పెట్టండి. శ్లాబు చల్లబడి ఉంటే అప్పటికి ఏసీ అవసరమే ఉండదు. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. మన ఊరి దుమ్ముకి పదిహేను రోజులే ఎక్కువ.

ఎయిర్ కూలర్ గురించి అడుగుతారు. ఏప్రిల్, మే వడగాలిలో మధ్యాహ్నం బాగా పని చేస్తుంది. తేమ పెరిగాక జిడ్డు తప్ప ఏమీ మిగలదు.

ఆరో పని: మిగతావి, గబగబా

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 అటూ ఇటూ. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యానుని మారిస్తే నెలకి 20 యూనిట్లు. ముందు పడకగదిది మార్చండి, హాల్లో అలంకారానికి తిరిగేది తర్వాత.

ఫ్రిజ్ తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గోడకి జానెడు ఎడం ఉంచండి.

గీజరు రెండు కిలోవాట్లు. పావుగంటకి అర యూనిట్. విజయవాడ చలికి అది నెలన్నర కంటే అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి. మా అత్తగారు ఏప్రిల్‌లో కూడా వేస్తారు, ఆ విషయంలో నేనేమీ మాట్లాడను.

ఏడో పని: పగటికి జరపగలిగినవి జరపండి

నీళ్ల మోటారు, వాషింగ్ మెషీను, ఇస్త్రీ, గ్రైండరు, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్. వీటిలో ఒక్కటి కూడా రాత్రే చేయాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పదకొండు నుంచి మూడు మధ్య సోలార్ దండిగా ఉంటుంది. అప్పుడు వాడితే గ్రిడ్ మీద బొగ్గు భారం తక్కువ. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ సాయంత్రం ఆరింటికి, సరిగ్గా అందరూ లైట్లు వేసే వేళకి మోటారు వేస్తాడు. అతనితో మాట్లాడి మధ్యాహ్నం రెండింటికి మార్పించడం బహుశా ఈ మొత్తంలో అన్నిటికన్నా తేలికైన పని. రూపాయి ఖర్చు లేదు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో వాషింగ్ మెషీన్‌కి డిలే స్టార్ట్ ఉంటుంది, ఎవరూ వాడరు, వాడండి.

ఎనిమిదో పని: సోలార్ పెట్టించుకునేవాళ్లు ఈ లెక్క కూడా వేయండి

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం గరిష్ఠంగా 78 వేల రూపాయల కేంద్ర సబ్సిడీ. ఒక కిలోవాటుకి నీడ పడని డాబా సుమారు వంద చదరపు అడుగులు కావాలి. రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లు పెడితే నెలకి 360. పక్క బిల్డింగు నీడ, వాటర్ ట్యాంకు నీడ ఉదయం ఎనిమిదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ చూసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఏజెంటు నీడ గురించి ఒక్క ముక్క అడగకుండా "జీరో బిల్లు గ్యారంటీ" అన్నాడు. రెండో మనిషిని పిలిచాను, అతను ముందు డాబా ఎక్కాడు. అతనికే ఇచ్చాను.

అయితే బిల్లు సున్నా అయినంత మాత్రాన బొగ్గు సున్నా కాదు. నెట్ మీటరు పగలు మీరు పంపిన యూనిట్లను రాత్రి తీసుకున్న యూనిట్లలోంచి తీసేసి లెక్క సమం చేస్తుంది. అది డబ్బు లెక్క. రాత్రి మీ ఏసీ తిరిగేటప్పుడు తాల్చేరు బొగ్గు ఎప్పటిలాగే కాలుతుంది. మీ ప్యానెళ్లు పగలు ఎవరో ఒకరింట్లో బొగ్గుని తగ్గించిన మాట నిజమే. అది చిన్న మేలు కాదు. కానీ సోలార్ పెట్టాక "ఇప్పుడు ఫ్రీయే కదా" అని ఇంకో గదికి ఏసీ కొన్న ఇళ్లు నాకు తెలుసు. సోలార్ పెట్టినా మూడో పనిలోని రాత్రి అంకెని విడిగా రాసుకుంటూనే ఉండండి.

డబ్బు సంగతి, ఒక్క పేరాలో

ఇంట్లో మిగతావాళ్లని ఒప్పించడానికి బొగ్గు చాలకపోతే ఇది చెప్పండి. 2022లో సవరించిన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్లకి యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. 300 యూనిట్ల ఇల్లు 200కి దిగితే, తగ్గే వందలో 75 యూనిట్లు ఖరీదైన స్లాబు (ధర మెట్టు)వే. ఎనర్జీ ఛార్జీలోనే 806 రూపాయలు మిగులుతాయి, సర్దుబాటు ఛార్జీలు అదనం. మీ తాజా బిల్లు మీద స్లాబులు చూసి ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

తొమ్మిదో పని: గడప దాటండి

ఒక ఇల్లు నెలకి వంద యూనిట్లు తగ్గిస్తే ఏ గనీ మూతపడదు. ఆ భ్రమ నాకు లేదు. ఏ కేంద్రం నుంచి ఎంత కరెంటు కొనాలి, దేనికి ఎంత ధర అన్నది మన వంటింట్లో తేలదు, విద్యుత్ నియంత్రణ మండలి ముందు తేలుతుంది. ఆ తలుపు మనకి తెరిచే ఉంది, వెళ్లేవాళ్లే తక్కువ.

డిస్కంలు ఏటా నవంబరు చివర్లో వచ్చే ఏడాది ఖర్చుల అంచనాలు మండలికి ఇస్తాయి. దాని మీద పత్రికల్లో ప్రకటన వస్తుంది, ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, ఏప్రిల్ నుంచి కొత్త టారిఫ్. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రజల అభ్యంతరాలు, సూచనలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. లాయరు అక్కర్లేదు. పేరు, చిరునామా, సర్వీసు నంబరు రాసి, చెప్పదలచుకున్నది తెలుగులో ఒక పేజీ రాసి, ప్రకటనలో ఇచ్చిన గడువులోపు పంపాలి.

ఏం రాయాలి? "బొగ్గు వద్దు" అని ఒక్క ముక్క రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. లెక్క అడగండి. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, సోలార్ వేళల్లో యూనిట్ ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలంది, వ్యవసాయం మినహా మిగతా వినియోగదారులకి దశలవారీగా. ఆ తగ్గింపు ఇళ్లకి ఎప్పుడు, ఎలా ఇస్తారని అడగండి. పగటి యూనిట్ చవకైతే మోటార్లు, మెషీన్లు వాటంతట అవే పగటికి జరుగుతాయి, నేను ఇంత పొడుగు రాయక్కర్లేదు. మే నెల రాత్రి డిమాండుకి ఎన్ని యూనిట్లు బొగ్గువి కొంటున్నారు, నిల్వ ఏర్పాట్లకి ఎంత కేటాయించారు అని అడగండి. మీ నోటు పుస్తకంలోని మూడు రాత్రుల రీడింగులు కింద జత చేయండి. ఇంటి లెక్కతో వచ్చినవాళ్లని పక్కన పెట్టడం కాస్త కష్టం.

రీడింగులకి వెళ్లేటప్పుడు టార్చి మర్చిపోవద్దు. మా మీటరు పెట్టెలో ఒక బల్లి కాపురం ఉంటోంది. మొదటి రాత్రి అది నా చేతి మీద దూకి, నాలుగో మిణుకు దగ్గర లెక్క పోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వచ్చింది.